గాడి కనిపెట్టే వేలు

పళ్ళ డాక్టరుగారి పాతకాలపు మోటారుసైకిలుకు పట్టే తప్ప విడుపు లేదు. క్లచ్ మెల్లగా వదులుతుంటే కాసేపు ఉలకదు, పలకదు. ఉన్నట్టుండి పట్టేసుకుని ముందుకు దూకుతుంది. మొన్న కూడలిలో డాక్టరుగారు దాని మీద నుంచి దిగలేదు, రాలారు. సొంత పన్నే ఊడింది.

రిపేరు షెడ్డు మామది, చాకిరీ అల్లుడిది. లోపం కనిపెట్టినవాడే బాగైన బండిని మొదట తోలాలని అక్కడి రూలు. ఆ షెడ్డులో సింహాసనమంటే ఆ సీటే. పన్నెండేళ్ళుగా మామ దిగలేదు, అల్లుడు ఎక్కలేదు.

క్లచ్ డ్రమ్ము సందుల్లో ప్లేట్ల కొమ్ములు కొట్టుకుని గాడులు పడతాయి. ప్లేటు ఆ గాడిలో ఇరుక్కుని, విదిలించుకుని, దూకుతుంది. మామ లెక్కలో గాడిని కంటితో చూడకూడదు. నూనె మెరుపు కన్ను కప్పుతుంది. వేలితో తడమాలి. అల్లుడు లైటు వేసినప్పుడల్లా నెత్తిన మొట్టి మరీ నేర్పాడు.

ఈసారి మామ ప్లేట్లు మార్చాడు. బండి దూకింది. కేబులు, స్ప్రింగులు, నూనె మార్చాడు. ఇంకా దూకింది. డ్రమ్మును మాత్రం రెండుసార్లూ తడిమి, "అద్దంరా!" అన్నాడు.

అద్దం కాదని అల్లుడికి మొదటి రోజే తెలుసు. గాడిలో గోరు దిగుతోంది. షుగరు వచ్చాక మామ వేళ్ళకు స్పర్శ పోయిందనీ తెలుసు. మామ కూతురే, తన భార్య, చెప్పి ఏడ్చింది. అయినా నోరు విప్పలేదు. చూసేవాళ్ళు రావాలిగా!

మూడోసారి డ్రమ్ము విప్పేసరికి డాక్టరుగారూ, పక్క టైర్ల కొట్టతనూ వచ్చి నిలబడ్డారు.

"ఇంకోసారి చూడండి మామయ్యా. మీ వేలు అబద్ధమాడదుగా!"

మామ చూపుడువేలు ప్రతి సందులోనూ పైకీ కిందికీ నడిచింది. "పాపాయి బుగ్గరా, అల్లుడూ!"

"కాస్త గట్టిగా నొక్కండి."

నొక్కాడు. "బుగ్గే!"

"మరి బుగ్గ మీద ఆ ఎరుపేంటి?"

డ్రమ్ము అంచున ఎర్రటి చార. మామ డాక్టరు చేతులు చూశాడు, అల్లుడి చేతులు చూశాడు. ఆ రక్తం ఎవరిదా అని వెతుకుతున్నాడు. టైర్లతను ఫక్కుమన్నాడు. అప్పుడు చూసుకున్నాడు మామ, గాడి అంచుకు తెగిన తన వేలు.

"నేను మత్తు సూది పొడిచినా ఇంత మొద్దుబారదండీ!" అన్నాడు పళ్ళ డాక్టరు.

అల్లుడు లైటు వేసి, ఆకురాయితో గాడులన్నీ సాపు చేసి, డ్రమ్ము బిగించాడు.

"ఎప్పట్నించి తెలుసురా?" అన్నాడు మామ, వేలికి గుడ్డ చుట్టుకుంటూ.

"మొదటి రోజు నుంచి."

"నా చెవిన వెయ్యొచ్చుగా."

"వేస్తే మీరొక్కరే వినేవారు."

అల్లుడు బండెక్కి కిక్కు కొట్టి క్లచ్ వదిలాడు. బండి ఒద్దికగా కదిలింది. మామ గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడ్డాడు.

"జరగండి మామయ్యా. కాలి మీద నుంచి పోనిచ్చినా మీకు తెలీదు."

మామ ఒకసారి పాదాల వంక చూసుకుని, పక్కకు జరిగాడు.