తుడిచేసినా పోని లెక్క

ఉదయం ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు స్ట్రెచర్ బాబాయ్ ఫోనులో ఉన్నదంతా పోయింది.

తుడిచేసింది ఆసుపత్రి హాజరు గుమాస్తా. ఫోను పాతది, అందులో చోటు తక్కువ. ఆసుపత్రి వాళ్ళ హాజరు యాప్, ఆయన నడకను లెక్కపెట్టే యాప్ రెండూ కలిసి పట్టవు. ఒక ఒరలో రెండు కత్తులు. అందుకని ఆరేళ్ళుగా ఆయన డ్యూటీకి రాగానే నడక యాప్ తీసేసి, హాజరు యాప్ వేసి, ముఖం చూపించి, దాన్ని తీసేసి, మళ్ళీ నడక యాప్ వేసుకునేవాడు. దిగేటప్పుడు ఇంకోసారి. ఈ రోజు నడక యాప్ తీసేసినా హాజరు యాప్ ఎక్కలేదు. వెనక వరుసలో పద్నాలుగు మంది ఉన్నారు.

"మొత్తం తుడిచేస్తాను బాబాయ్. కడిగిన ముత్యంలా ఉంటుంది," అంది గుమాస్తా.

"తుడిచెయ్యమ్మా. ఎన్నిసార్లు తీసేసినా నా లెక్క నాకు వచ్చేస్తోందిగా."

హాజరు పడ్డాక ఆమెకు అనుమానం వచ్చింది.

"యాప్ తీసెయ్యడం వేరు బాబాయ్, ఫోను తుడవడం వేరు. అందులో పేరూ నంబరూ ఏమైనా ఇచ్చావా?"

"అడిగింది. తర్వాత అని నొక్కాను."

"ఎప్పుడు?"

"రోజూ."

వెనకవాళ్ళు తొందరపెడుతుంటే ఆమె తర్వాతి మనిషిని పిలిచింది. నడక యాప్ మళ్ళీ వేసుకునే తీరిక లేక ఆయన ఫోను చొక్కా జేబులో వేసుకుని లోపలికి వెళ్ళాడు. లోపల సిగ్నల్ ఉండదు.

ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. ఇదే ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా స్ట్రెచర్ తోస్తున్నాడు. ఆయన బండికి ఎడమ చక్రం పక్కకు లాగుతుంది, కుడి తుంటి ఆనించి దాన్ని దారిలో పెడతాడు. వరండాలో పాత గచ్చు అయిపోయి కొత్త గచ్చు మొదలయ్యే చోట ముందు వైపు కాస్త ఎత్తుతాడు. పైన పడుకున్నవాళ్ళకు కుదుపు తెలియదు. ఇది ఆయనకు ఎవరూ నేర్పలేదు.

నిన్న దిగేటప్పటికి లెక్క 19,903 కిలోమీటర్లు. ఇంట్లో మనవరాలు గోడకు ప్రపంచ పటం అంటించి, భూమి నడుము గీత వెంట ఎర్ర దారం పరుస్తోంది. ఆదివారం ఆదివారం తాత లెక్క చూసి దారాన్ని ముందుకు జరుపుతుంది. రెండు నెలలుగా దారం సముద్రంలో ఉంది. "ఈ వారం కూడా నీళ్ళలోనే ఉన్నావు తాతా. ఈత వచ్చా?" అని మొన్న అడిగింది. ఇంకో నూట ముప్పై నాలుగు కిలోమీటర్లు నడిస్తే సగం భూమి. అంటే పన్నెండు రోజులు.

ఆసుపత్రిలో లిఫ్ట్ నడిపే అతనికి మాత్రమే ఈ దారం సంగతి తెలుసు. "ఈ గుమ్మం దాటకుండా ఎంత దూరం పోయావయ్యా," అంటాడు.

ఆ రోజు ముప్పై నాలుగు మందిని తోశాడు. మధ్యాహ్నం రెండుంబావుకు దిగి, సిగ్నల్ అందే క్యాంటీన్ మెట్ల మీద కూర్చున్నాడు. గుమాస్తా అన్నం తినకుండానే వచ్చి పక్కన కూర్చుంది. హాజరు యాప్ తీసేసి నడక యాప్ వేసింది. యాప్ పేరు అడిగింది. ఆయన తర్వాత అని నొక్కాడు. తెరమీద గీత గుండ్రంగా తిరగడం మొదలైంది.

"పోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడదాం బాబాయ్."

"ఒకటి నుంచా? పిల్లకి ఏం చెప్పను? నడి సముద్రంలో మునిగిపోయానని చెప్పనా?"

తిరగడం ఆగింది. 19,903.

గుమాస్తా ఫోను లాక్కుని వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"పేరు తెలీదు. నంబరు తెలీదు. లోపల ఒక్క ముక్క లేకుండా నా చేత్తో నేనే తుడిచాను. ఎలా పట్టుకుంది?"

"నడకని బట్టి," అన్నాడాయన.

"నువ్వు కూర్చునే ఉన్నావు బాబాయ్. నడకా లేదు, గిడకా లేదు. మనం తుడవలేని గుర్తు ఏదో ఫోనులోనే ఉండి ఉంటుంది."

"మనం తుడవలేనిది," అని ఆయన ఆ మాటే మళ్ళీ అన్నాడు. ఫోను తీసుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"పొద్దుటి నడక మాత్రం ఎక్కలేదు," అన్నాడు లేస్తూ. "కాస్త తిరిగొస్తాను."

డ్యూటీ అయిపోయింది. అయినా వెనక బ్లాకులో మిగిలిన ఖాళీ స్ట్రెచర్లను ఒక్కొక్కటే తెచ్చి ముందు గుమ్మం దగ్గర చేర్చాడు. మూడూ నలభైకి లిఫ్ట్ పక్క బల్ల మీద కూర్చున్నాడు. లిఫ్ట్ అతను రెండుసార్లు దిగినప్పుడు పలకరిస్తే బదులిచ్చాడు. మూడోసారి ఇవ్వలేదు. డాక్టరు నాలుగు నిమిషాల్లో వచ్చింది. పోయిన సమయం నాలుగూ రెండు అని రాసింది.

కింద శవాల గదికి రెండు వందల మీటర్లు. లిఫ్ట్ అతనే తోశాడు. ఫోను చొక్కా జేబులోనే ఉంది. ఆ దూరం లెక్కలో చేరలేదు. ఆ యాప్ అడుగులనే లెక్కపెడుతుంది.

ఐదున్నరకు కూతురు వచ్చి, సంతకం పెట్టి, స్టీలు ట్రేలోంచి ఫోను తీసుకుంది. తెరమీద 19,906 ఉంది.