ఉచ్చీరమ్మకు వచ్చిన మొదటి వంతు

కొళాయి దగ్గర ఒక్కసారైనా మొదటి వంతు తనది కావాలన్నది ఉచ్చీరమ్మ కోరిక. హాలహర్వి పక్కన ఆమె ఊళ్లో వారానికోసారి నీళ్లొస్తాయి. ముందుండేది ఎప్పుడూ ఎదురింటి భీమమ్మే. ఆ మహాతల్లి బిందెను మూడుసార్లు నీళ్లతో తొలిచి, తీరిగ్గా పట్టుకునేది. ఉచ్చీరమ్మ వంతు రాగానే నీళ్లు ఆగిపోయేవి. పైగా భీమమ్మ, "వచ్చే వారం ముందే రాక్కా" అని సలహా పారేసి పోయేది. ఆ మాటకు ఉచ్చీరమ్మ ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఇద్దరూ పొదుపు సంఘం ఆడవాళ్లతో కలిసి ఆదోని వెళ్లారు. అక్కడ పాతకాలపు పంపుహౌసును నీటి సంగతులు నేర్పే కేంద్రంగా మార్చారు. లోపలికి పోగానే ఇత్తడి కొళాయి, దాని ముందు వరసగా ఆరు రాగి బిందెలు! ఉచ్చీరమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. చేతిలోని అర లీటరు సీసాను ఏడోదిగా పెట్టేసింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి వచ్చేసరికి ఆలస్యమైన భీమమ్మ, దాని వెనక టిఫిన్ డబ్బా పెట్టింది. ఆ వెనక మిగతావాళ్ల గొడుగు, సంచి, రాయి. వరస గుమ్మం దాటింది.

కేంద్రం చూపించే అమ్మాయి నవ్యశ్రీ నోరెళ్లబెట్టింది. "అమ్మా, అవి చూడ్డానికి పెట్టినవి. ఎనభై ఏళ్ల నాటి బిందెలు."

"ఎనభై ఏండ్లా! ఇంగా నీళ్లు రాలేదా?" అని జాలిపడింది ఉచ్చీరమ్మ. "ఈ బిందెలోళ్లంతా యాడుండారు పాపా?"

"ఎప్పుడో పోయారమ్మా."

"మనిషి లేకుంటే బిందె పక్కకే. మా వీధిలో అదే చట్టం." ఆరు బిందెలూ పక్కకు జరిగాయి.

నవ్యశ్రీ తల పట్టుకుంది. "సరే, ఎలాగూ పంపు నడిపి చూపించాలి. రెండు నిమిషాలే వస్తాయి."

నీళ్లు దూకాయి. మొదటి వంతు! సంతోషంతో ఉచ్చీరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ సీసా నిండడం ఎంతసేపు? ఇన్నేళ్ల ఎదురుచూపు ఇంతకేనా అనిపించింది. సీసాను ఒకసారి తొలిచింది. రెండోసారి తొలిచింది.

"బిరబిరా కానీక్కా, నిలిచిపోతాయి!" అంది వెనకనుంచి భీమమ్మ.

"ఉండక్కా, మురికుంటాది."

మూడోసారి కూడా తొలిచి, నింపుకుని జరిగింది. భీమమ్మ డబ్బా కొళాయి కిందకు చేరడం, నీళ్లు ఆగిపోవడం ఒకేసారి జరిగాయి.

ఉచ్చీరమ్మ తీరిగ్గా సీసా మూత బిగించింది.

"వచ్చే వారం ముందే రాక్కా."