సాక్సుల బతుకమ్మ

టికెట్లు తీసుకున్నాకనే క్యాలెండర్ చూశాం. మేము కొండల్లో నడిచే మూడో రోజునే పండుగ మొదటి నాడు, ఎంగిలిపూల బతుకమ్మ పడింది.

అది మా ఆయన శేఖర్ పెళ్లికి ముందు రెండుసార్లు నడిచొచ్చిన దారి. ఉత్తరాఖండ్‌లో, చెట్లన్నీ కిందనే ఆగిపోయి పచ్చిక ఒక్కటే మిగిలేంత ఎత్తున ఉంటుంది. హసన్‌పర్తి చెరువు కట్ట మీద నన్ను నెల రోజులు నడిపించి మరీ తయారుచేశాడు. కానీ పోయిన ఏడు మా బిడ్డ డెంగ్యూతో దవాఖానలో ఉన్నప్పుడు నేనొక మొక్కు మొక్కాను. బిడ్డ లేచి కూర్చుంటే, ఏ ఏడూ ఎంగిలిపూల నాడు బతుకమ్మ పేర్చకుండా ఉండనని. బయలుదేరే నాడు మా అత్తమ్మ మొగిలమ్మ బిడ్డను ఎత్తుకుని వాకిట్లోనే ఆ సంగతి గుర్తుచేసింది.

"పోతె పో. గని బతుకమ్మ తప్పి, రేపు పిల్లకు జర ఒళ్లు వెచ్చబడితె నన్ను అడగకు."

బ్యాగుతోపాటు ఆ మాటనూ మోసుకుంటూ రెండు రోజులు ఎక్కాను. పసుపు పొట్లం, స్టీలు తాంబాళం కూడా మోశాను. తాంబాళం ఎందుకని శేఖర్ అడిగితే అన్నం తినడానికని చెప్పాను.

మూడో రోజు పొద్దున టెంటు జిప్పు తీస్తే ఎదురుగా పచ్చిక నిండా పూలు. పసుపువి, ఊదావి, తెల్లవి. నా చేతులు ఊరుకోలేదు. కానీ ఒక్క పువ్వు కోసినా, వాగులో ఏమన్నా పడేసినా అందరినీ కిందికి దింపేస్తానని గైడు దీవాన్ సింగ్ ముందే చెప్పి ఉన్నాడు. వెళ్లి బతిమాలాను. నాకొచ్చిన హిందీ మా పక్కింటి గుల్నాజ్ దగ్గర నేర్చుకున్నది. అది విని నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

మాతో వచ్చిన స్నేహలతక్క, శేఖర్ దోస్తు భానుచందర్ భార్య, నా ముఖం చూసి సంగతంతా రాబట్టింది. మన దగ్గర పువ్వు తెచ్చేది ఎవరని అడిగింది. మగవాళ్లే అన్నాను. మగవాళ్లిద్దరూ ఇంకా టెంట్లలో గురకపెడుతున్నారు. నిన్న ఉతికి ఆరేసుకున్న వాళ్ల సాక్సులు బయట తాడు మీద మంచుకు గట్టిపడి, పేర్చడానికి అనువుగా నిలబడి ఉన్నాయి.

"తెచ్చిపెట్టిండ్రు కద పిల్లా," అంది అక్క. "ఎంగిలిపూలకు నిన్నటి పూలే పెడ్తరు."

గుమ్మడాకుల బదులు అడుగున ఆకుపచ్చ మఫ్లర్ పరిచాం. బ్యాగు మీది పసుపుపచ్చ రెయిన్ కవర్‌ను మడిచి తంగేడు వరుస చేశాం. తెల్ల సాక్సులు గునుగు పువ్వయ్యాయి. అక్క మెల్లగా లోపలికి దూరి భానుచందర్ తల మీది ఎర్ర టోపీ లాక్కొచ్చింది. ఆయన నిద్రలోనే నెత్తి తడుముకున్నాడట. పైన పసుపు గౌరమ్మను పెట్టి, ఫోటో తీసి, ఇద్దరమే చప్పట్లు కొడుతూ తిరిగాం. దీవాన్ సింగ్ చాయ్ వదిలేసి వచ్చి, అందులో ఎక్కడైనా నిజం పువ్వుందేమోనని చుట్టూ తిరిగి వెతికాడు. దొరకలేదు.

అంతలో మగవాళ్లు ఉత్త కాళ్లతో బయటికొచ్చారు. భానుచందర్ చలికి ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టి, ఆట అయింది గదా, సాక్సులిచ్చేయమన్నాడు.

నాకు చిక్కు అక్కడొచ్చింది. నీళ్లలో కలపని బతుకమ్మ, బతుకమ్మ కిందికి రాదు. కలిపితే వాళ్లకు వేసుకోవడానికి సాక్సు ఒక్కటీ ఉండదు, ఆ రోజేమో కొండ పై అంచు దాకా ఎక్కాలి. గౌరమ్మను తీసి, పుస్తెలకు పసుపు రాసుకుని, ఇంక చాల్లే అనబోయాను. చేతులు పుస్తెలను వదల్లేదు.

శేఖర్ ఆ చేతులనే చూశాడు. దవాఖానలో బిడ్డ మంచం పక్కన కూడా అవి పుస్తెలను అట్లాగే పట్టుకుని ఉండేవి. దీవాన్ సింగ్‌ను తాడు అడిగి, తాంబాళానికీ సాక్సులకూ కలిపి గట్టిగా చుట్టాడు.

"పట్టు. మొత్తం ముంచు. సగం సగం వద్దు."

"నా టోపీ రా," అన్నాడు భానుచందర్.

"నీ టోపీ పుణ్యం చేసుకున్నది, ఊకో."

ముంచి, తాడుతో బయటికి లాగాం. వాగులో ఏమీ మిగల్లేదని దీవాన్ సింగ్ వంగి వంగి చూసుకున్నాడు.

చలి భయానికి నేను ఆరు జతల సాక్సులు తెచ్చుకున్నాను, అన్నీ గులాబీ రంగువే. అవి వాళ్లకు మడమ దాకా రాలేదు. అయినా ఇద్దరూ అవే వేసుకుని ఎక్కారు.

పైన సిగ్నల్ దొరకగానే ఫోటో పంపి, ఫోన్ చేసి, బిడ్డ ఎట్లుందని అడిగాను.

"పెరుగన్నం తిని ఆడుకుంటాంది," అంది అత్తమ్మ. "ఫోటో చూసిన. గునుగు గంత తెల్లగ ఏడ దొరికిందే?"

"ఈడ చలికి గట్లనే పూస్తదత్తమ్మా."

పక్కనుంచి భానుచందర్ నోరు తెరవబోతే స్నేహలతక్క ఆయన బూటు తొక్కింది.

"వచ్చేటప్పుడు దాని ఇత్తులు జర తీసుకరా," అంది అత్తమ్మ.