కాలవ వైపు గుమ్మం

గుడివాడ నుంచి వచ్చిన గణపతిరావు గారు చెప్పులైనా విప్పకుండా ఇంటికి శిక్ష వేసేశారు.

ఆయన రిటైరైన ఓవర్సీరు. ఈ మధ్య వాస్తు చూస్తున్నారు. బ్రీఫ్‌కేసులోంచి దిక్సూచి తీసి వీధి అరుగు మీద పెట్టి, ముల్లు ఆగేదాకా చూసి, సింహద్వారం దక్షిణానికి, ఉత్తరం పూర్తిగా మూత, ఇలాంటి ఇంట్లో ఏం నిలుస్తుందనుకున్నారండీ అని అడిగారు. ఇంటి యజమాని నాగభూషణరావు దిక్సూచి ముల్లు వైపే చూస్తున్నాడు. శివారు పొలమంతా చెరువులు తవ్వించి రొయ్యలు వేస్తే, వరసగా రెండు పంటలు ఒంటి నిండా తెల్లమచ్చలతో గట్టువారకి కొట్టుకొచ్చాయి. అప్పట్నుంచీ ఆయన ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పడం మానేశాడు.

మూఢం రాకముందే ఇల్లు పడగొట్టేయాలని తేలింది. వచ్చే ఆదివారం పెంకు దింపుతారు. డాబా పునాది ఎక్కడ తవ్వాలో గణపతిరావు గారు కాలితో గీత కూడా గీశారు.

ఆయన కాఫీ గ్లాసు తీస్తూ నాగభూషణరావు భార్య సుభాషిణి ఆ గీతని తొక్కకుండా పక్కనుంచి వెళ్ళింది.

పదహారేళ్ళుగా ఈ ఇంటిని ఊడ్చి, అలికి, ఏటా సున్నం వేయించి, దాని తప్పులన్నీ ఆమె కంఠస్థం చేసింది. వీధి అరుగు మరీ ఇరుకు. వచ్చిన చుట్టానికి ముందు కనిపించేది వంటింటి పొగగూడు. గిన్నెలు కడిగిన నీళ్ళు నేరుగా వీధిలోకి పారతాయి. వెనకవైపు మాత్రం, పిడకలు కొట్టే చోట, పెద్ద వసారా, నాలుగు రంగూన్ టేకు స్తంభాలు, వాటి తలల మీద తామరమొగ్గలు. అంత మంచి స్తంభాలు గేదెలకి చూపించి, చుట్టాలకి పొగ చూపించాడేమిటి ఈ పెద్దమనిషి అని, ఇల్లు కట్టించిన మామగారి తండ్రిని ఆమె లోలోపల చాలాసార్లు విసుక్కుంది. విసుక్కుంటూనే ఆ ఇంటికి అలవాటుపడింది. పొద్దున్నే ఏ పెంకు సందులోంచి ఎండ ఎక్కడ పడుతుందో, వాన ముందు ఏ దూలం టిక్కుమంటుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఇంకో ఇంట్లో ఆమెకి అంత తెలియడానికి మళ్ళీ పదహారేళ్ళు పడుతుంది.

ఆమెకి ఇంకొకటి కూడా తెలుసు. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

వెనక వసారాని ఆనుకుని ధాన్యపు కొట్టు ఉంది. కిటికీ లేని గది. పొలం చెరువులయ్యాక ధాన్యం రాలేదు, కొట్టు ఖాళీ అయింది. గేదెలనీ అమ్మేశారు కనక ఉత్తరపు గోడ మీద పిడకలు కొట్టేవాళ్ళూ లేరు. పాత పిడకలు ఎండి ఊడిపోయి, గోడలో ఎక్కడో చిటికెన వేలు పట్టనంత కన్నం బయటపడింది. ఎలుక కన్నమేమో పూడుద్దామని తడిపిన మట్టితో వెళ్ళి, గాలికి తలుపు మూసుకుపోయి, చీకట్లో వెనక్కి తిరిగిన ఆమె అలాగే నిలబడిపోయింది.

ఎదురుగోడ మీద కాలవ పారుతోంది. తలకిందులుగా, రంగులతో సహా. పైన నీళ్ళు, కింద ఆకాశం. గుర్రపుడెక్క పువ్వులు పైకప్పు దగ్గర ఊదారంగులో ఊగుతున్నాయి. అవతలి గట్టు మీద ఎవరో సైకిలు తొక్కుకుంటూ, చక్రాలు పైకి, తల కిందికి, ఏ చప్పుడూ లేకుండా గోడ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళిపోయారు. మట్టి ఆమె చేతిలోనే ఆరిపోయింది.

ఆరోజు నుంచీ వంట అయ్యాక రోజూ కాసేపు ఆ చీకట్లో కూర్చునేది. బాతులు నడినెత్తిన ఈదేవి. కొంగ ఒకటి ఆకాశంలోకి తలకిందులుగా పడిపోయేది. అక్కడ కూర్చుంటే పనులు గుర్తుండేవి కావు, చెరువులు గుర్తుండేవి కావు.

గణపతిరావు గారు వచ్చి వెళ్ళిన మర్నాడు కూడా వెళ్ళి కూర్చుంది. కాలవకి రెండు పక్కలా రెండు స్తంభాలు నిలబడి ఉన్నాయి. రోజూ కనిపించేవే. ఆవేళ మాత్రం అవి గుమ్మానికి అటూ ఇటూ నిలబెట్టినట్టు తోచాయి. ఇల్లు కాలవ వైపు చూస్తోంది అనుకుంది ఆమె. మొదట్నుంచీ అటే చూస్తోంది.

లేచి అట్లకాడ తెచ్చి కన్నం చుట్టూ గీకింది. సున్నం పొరలు రాలాయి, దాని కింద మట్టి, మట్టి కింద నల్లటి చెక్క. కన్నానికి ఇనప పట్టీ ఉంది, ఎప్పుడో గొళ్ళెం ఊడిపోయిన చోటు. కిందికంటా గీకితే గడప తగిలింది. గడప మీద పసుపు ఇంకా పచ్చగానే ఉంది.

ఆ సాయంత్రం జకరయ్యని పిలిపించింది. ఎనభై దాటిన మనిషి. కుర్రతనంలో ఈ ఇంటి పడవ తాడు పట్టుకుని గట్టెమ్మట లాగేవాడు. ఇటుకలూ టేకూ అన్నీ బందరు నుంచి కాలవ మీదే వచ్చాయనీ, పెళ్ళివారు కూడా పడవ దిగి మెట్లెక్కి ఆ గుమ్మంలోంచే లోపలికి వెళ్ళేవారనీ చెప్పాడు. ఆనక ఇటు కంకర రోడ్డు పడింది. పడవలు పోయాయి. పెద్దయ్యగారు పెరటి గుమ్మాన్ని వీధి గుమ్మం చేసుకుని, అసలు గుమ్మం మూసి ధాన్యం పోయించారు.

లోపల ఎలా ఉండేదని సుభాషిణి అడిగింది.

"నాకేం తెలుస్తాదమ్మగారూ," అన్నాడు జకరయ్య. "బస్తాలు మెట్ల మీద దించేసి తిరిగొచ్చేసేవోణ్ణి."

ఇంకో రెండు రోజులు ఆమె భర్తకి ఏమీ చెప్పలేదు. చెబితే ఇల్లు నిలవచ్చు. కానీ ఆ తలుపు తెరిస్తే కొట్టులో చీకటి ఉండదు, చీకటి లేకపోతే గోడ మీద కాలవా ఉండదు. ఆ రెండు రోజులూ వంట తొందరగా ముగించి, రెప్ప వేయడం కూడా దండగే అన్నట్టు చూసింది. గురువారం మధ్యాహ్నం భర్తని చెయ్యి పట్టుకుని కొట్టులోకి తీసుకెళ్ళి తలుపు మూసింది.

నాగభూషణరావు మెడ పక్కకి వంచి గోడని చూశాడు. గేదె ఒకటి కాళ్ళు పైకి పెట్టి గోడంతా నడిచి వెళ్ళింది.

"అంతా తలకిందులే," అన్నాడు. "ఆయన చెప్పింది నిజమే సుభా. ఇంతకన్నా అపశకునం ఏముంటుంది?"

"కన్నం చిన్నదైతే వెలుతురు అలాగే పడుతుందండీ. హైస్కూల్లో చదివాం కదా." ఆమె ఆయన వేళ్ళని గీకిన చోట ఆనించింది. "శకునం సంగతి వదిలేయండి. ఇది పట్టుకుని చూడండి. గోడ కాదు, తలుపు."

ఆయన తడిమాడు. గడప దాకా వంగి తడిమాడు. వేళ్ళకంటిన పసుపుని వెలుతురు పడేచోట పెట్టి చూసుకున్నాడు.

"అంటే ఇన్నేళ్ళూ మనం..."

"పెరటి గుమ్మంలోంచి వస్తున్నాం. చుట్టాల్ని కూడా అటే రమ్మన్నాం."

ఆయన నవ్వాడు. చిన్న నవ్వే, కానీ రెండు పంటల తర్వాత ఆమె విన్న మొదటి నవ్వు.

శుక్రవారం గణపతిరావు గారు మళ్ళీ వచ్చారు. ఉత్తర సింహద్వారం, ఆగ్నేయంలో వంటిల్లు, వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఉత్తరం మూసేశారని నేను ముందే చెప్పాను కదండీ అని గెలుపు తన ఖాతాలోనే వేసుకున్నారు. దక్షిణపు గుమ్మాన్ని ఇటుకతో మూసేస్తే ఇంటికి ఢోకా లేదన్నారు. సుభాషిణి తల ఊపింది. తను నమ్మని శాస్త్రంతో గెలిచినందుకు కొంచెం సిగ్గేసింది. అయినా పునాది గీత మీద నీళ్ళు చల్లి ముగ్గు పెట్టింది.

ఆదివారం పెంకు దింపాల్సినవాళ్ళే వచ్చి మట్టి కొట్టేశారు. తలుపు రెక్కలు మూలుగుతూ విడిపోయాయి. ద్వారబంధం మీద ఏనుగుల నడుమ లక్ష్మి, ముక్కు అరిగిపోయి, తెల్లటి సున్నంతో బయటపడింది. వెలుతురు ఒక్కసారిగా కొట్టు నిండా పడింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఉత్త గోడ. ధాన్యం బస్తాల మరకలు. బయట కాలవ మామూలుగా, నీళ్ళు కిందా ఆకాశం పైనా పెట్టుకుని పారుతోంది. ఆమెకి అది కాస్త చప్పగా అనిపించింది.

కూలీలు దక్షిణపు గుమ్మాన్ని ఇటుకతో మూసేశాక, నాగభూషణరావు గునపం తీసుకుని మెట్లమీది ఒండ్రు తవ్వడం మొదలుపెట్టాడు. మెట్లెన్నో చెప్పడానికి జకరయ్య పక్కన నిలబడ్డాడు. ఆరు మెట్లు తేలాక జల్లు మొదలైంది. అందరూ వసారాలోకి పరుగెత్తి, అక్కణ్ణుంచి లోపలికి వచ్చారు. జకరయ్య మాత్రం తుండుగుడ్డ తలమీద వేసుకుని పై మెట్టు మీదే ఆగిపోయాడు.

"తడుస్తున్నావు, లోపలికి రా తాతా," అంది సుభాషిణి.

"పెరటేపు తిరిగొస్తాలెండమ్మగారూ, అలవాటే గదా."

"అటు మూసేశాం. మాకూ ఇదే దారి, నీకూ ఇదే."

జకరయ్య కొంతసేపు వానలోనే నిలబడ్డాడు. తర్వాత తుండుగుడ్డ తీసి పిండుకుని భుజాన వేసుకున్నాడు. వసారా దాటాడు. గడప దగ్గర ఆగి, కుడి పాదానికంటిన బురద వసారా నేలకి రాసుకుని, స్తంభం పట్టుకున్నట్టు ద్వారబంధం పట్టుకుని, ఆ పాదం లోపల పెట్టాడు.