మా ఆవిడకి సముద్రమంటే భయం

తడి దుప్పటిని ఎవరి సాయం లేకుండా తీగ మీద ఆరేయడానికి ఒక కిటుకుంది. ముందు గాలికి వీపు పెట్టి నిలబడాలి. ఒక అంచు పళ్ల మధ్య పట్టుకుని, రెండోది చేతికి చుట్టుకుంటే, మిగతా పని గాలే చేసిపెడుతుంది. మా అమ్మ నేర్పింది. ఆ రోజు పొద్దున నోట్లో అలా దుప్పటి అంచు ఉండగానే కింద అరుగు మీద నుంచి మా ఆయన స్తమాతీస్ గొంతు వినిపించింది. మా గదుల్లో కొత్తగా దిగినవాళ్లకి చెబుతున్నాడు: "మా ఆవిడకి సముద్రమంటే భయం. చుట్టూ నీళ్లున్న దీవిలో పుట్టి పడవ చూస్తే వణుకుతుంది. వాళ్ల తాత మునిగి పోయాడు, పాపం." వాళ్లు ముందు నవ్వారు, తాత మాట వినగానే అయ్యో అన్నారు. మా తాత తొంభై దాటాక అంజీరు చెట్టు కింద, మంచం మీద, నిద్రలో పోయాడు. నోట్లో దుప్పటి ఉంది కనుక నేనేమీ అనలేదు. లేకపోయినా అనేదాన్ని కాదేమో. రొట్టె, తేనెలతో పాటు నా భయాన్ని కూడా ఆయన రోజూ వాళ్లకి వడ్డిస్తాడు. దానికి వేరే డబ్బులు తీసుకోడు.

మాది లిప్సి అనే చిన్న దీవి. జనమంతా పక్కనున్న పెద్ద దీవి పాట్మోస్‌లో దిగిపోతారు. జనం పడనివాళ్లు చిన్న ఓడ పట్టుకుని మా దగ్గరికి వస్తారు. రెండు రోజులయ్యేసరికి వాళ్లకి మేమూ ఎక్కువైపోతాం. ఇంతకంటే చిన్నది, ఇంతకంటే ఎవరూ వెళ్లనిది ఏదైనా ఉందా అంటారు. అప్పుడు మా ఆయన వాళ్లని తన పడవలో అర్కీ అనే బుల్లి దీవికి, ఇంకా మేకలు తప్ప ఎవరూ ఉండని తెల్ల దిబ్బలకి తీసుకెళ్తాడు. సాయంత్రం ఎర్రగా కమిలిపోయి వచ్చి, "నీ దీవులు స్వర్గం స్తమాతీస్, నీ ఇల్లు స్వర్గం" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతారు. ఆ స్వర్గాన్ని నేను పొద్దున్నే ఊడ్చి, తుడిచి, మధ్యాహ్నానికి ఆరేస్తాను.

నిజానికి ఆ ఇల్లు ఆయనది కాదు. మా దగ్గర ఇల్లు తల్లి నుంచి పెద్దకూతురికి వస్తుంది, పడవ తండ్రి నుంచి కొడుక్కి పోతుంది. పెళ్లయ్యాక మొగుడే వచ్చి పెళ్లాం ఇంట్లో ఉంటాడు. వినడానికి బాగుంటుంది. పెళ్లినాడే మా అత్తగారు అంది, "కోడలు గోడలు తెచ్చింది, నా కొడుకు పేరు తెచ్చాడు." ఆ పేరే బోర్డు మీదికెక్కింది: కెప్టెన్ స్తమాతీస్ గదులు. ఇల్లు మా ఆడవాళ్లకే వస్తుంది, చాకిరీతో సహా వస్తుంది.

భయం సంగతి మాత్రం అబద్ధం కాదు. మా ఇంట్లో సముద్రానికి బలైనవాళ్లు ఎవరూ లేరు, అయినా భయమే. నా కూతురు అనెజీనా చేప తింటుంటే ముల్లు గుచ్చుకుంటుందనుకుంటాను. మెట్లు దిగుతుంటే జారుతుందనుకుంటాను. ఫోన్ ఆగి మళ్లీ మోగితే ఎవరో పోయారనే అనుకుంటాను. నా చదువు ఆరో తరగతితో ఆగింది. చదువుకున్నవాళ్ల దగ్గర భయాలకి పేర్లుంటాయట. నా దగ్గర భయాలే ఉన్నాయి. గాలి లేచిన సాయంత్రాలు మా ఆయన పడవ కనిపించేదాకా మెట్ల మీద కూర్చుంటాను. పాతికేళ్లుగా అదే మెట్టు.

ఆ వేసవి మొదట్లో ఆయన మోకాలు వాచిపోయింది. ఇక పడవ నడపలేనని ఒప్పుకున్నాడు. అనెజీనా అప్పటికే కెప్టెన్ పరీక్ష పాసైంది. మూడు వేసవులు వాళ్ల నాన్న పక్కనే తాళ్లు కట్టింది, అతిథులకి పుచ్చకాయ కోసిపెట్టింది. శనివారం భోజనానికి మా ఆడపడుచు కొడుకు పాంతెలీస్ కూడా వచ్చాడు. అనెజీనా అందరి ముందే అడిగింది.

"నాన్నా, రేపటి నుంచి పడవ నేను నడుపుతాను."

ఆయన పళ్లెంలో మిగిలిన నూనెని రొట్టెతో తుడుచుకుంటూ, "నాకేం అభ్యంతరం తల్లీ? నాకంటే బాగా తిప్పుతావు. మీ అమ్మ సంగతే ఆలోచించు. నాకోసమైతే ఎలాగో తట్టుకుంది. నువ్వు నీళ్ల మీదున్నావంటే దాని గుండె ఆగిపోతుంది. అమ్మని చంపుకుని నడుపుతావా? పాంతెలీస్ ఉన్నాడుగా" అన్నాడు.

"నాకోసం అత్తేం భయపడదులే" అని పాంతెలీస్ నవ్వాడు.

"నీకోసమూ భయపడతానురా" అన్నాను.

అనెజీనా వాళ్లిద్దరినీ వదిలేసి నన్నే చూసింది. "ఇల్లు నాకు, పడవ వాడికి. వాడు జనాన్ని తిప్పుకొస్తాడు, నేను వాళ్ల దుప్పట్లు ఉతుకుతాను. అంతేనా అమ్మా? అయితే వచ్చే ఓడకి పిరేయస్ వెళ్లిపోతాను. అక్కడ పడవలున్నాయి, అమ్మలు లేరు."

గిన్నెలు కడుగుతూ ముందు ఆ పెద్ద రేవు పట్నం పిరేయస్ గురించే భయపడ్డాను, నాకు చేతనైనది అదే కదా. అక్కడి లారీలు, దొంగలు, అది ఒంటరిగా జ్వరంతో పడుకోవడం, అన్నీ కళ్ల ముందు కనిపించాయి. ఆ తర్వాత, చెయ్యి ఇంకా సబ్బునీళ్లలో ఉండగానే, ఆయనన్న మాట మళ్లీ చెవిలో పడింది. నాకేం అభ్యంతరం తల్లీ. వద్దన్నది ఆయన కాదట, నేనట. నేను నోరు తెరవకుండానే వద్దన్నాను. ఇన్నాళ్లూ నా భయంతో జనాన్ని నవ్వించాడు, పోనీలే అనుకున్నాను. ఇప్పుడు దాన్నే తీసుకెళ్లి తలుపుకి గడియలా వేశాడు. ఆ తలుపు లోపల ఉన్నది నా కూతురు. ఒక్కసారైనా, "మరీగో, నీకు భయం కదా, ఏం చేస్తే తగ్గుతుంది?" అని అడిగాడా? తగ్గితే ఆయనకేం లాభం?

ఆదివారం పొద్దున అందరికీ గుడ్లు, జున్ను పెట్టాను. దుప్పట్లు ఆరేశాను. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, సంచి సర్దాను: సముద్రంలో వెళ్లేవాళ్లని కాపాడే సెయింట్ నికోలస్ పటం, వాంతి రాకుండా నిమ్మకాయలు, చిక్కుకుపోతే ఉంటుందని రొట్టె, రెండు స్వెటర్లు, మునిగితే ఊదడానికి ఒక విజిల్. అనెజీనాని చెయ్యి పట్టుకుని రేవుకి లాక్కెళ్లాను. కాఫీ కొట్టు యాకుమీస్ నన్ను చూసి, "మరీగో, చర్చి అటువైపు" అన్నాడు.

పడవలో అతిథులు కూర్చునే ఉన్నారు. పాంతెలీస్ ఆవలిస్తున్నాడు. గట్టు మీదున్న మా ఆయన నా సంచి చూసి, "ఏం మర్చిపోయాం?" అంటూ చెయ్యి చాచాడు. సంచి ఇవ్వలేదు. ఆ చెయ్యి పట్టుకుని పడవెక్కాను.

"ఎక్కడికే? నీకు భయం."

"అవును, చాలా. అనెజీనా నడిపితే కూర్చుంటాను. పాంతెలీస్ నడిపితే దిగిపోతాను. అది నీకంటే బాగా తిప్పుతుందని నిన్న నువ్వే అన్నావు."

కాఫీ కొట్టు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. పాంతెలీస్ తాళంచెవి తీసి అనెజీనా చేతిలో పెట్టి, "మామా, పొద్దున్నే లేవడం నావల్ల కాదని నీకు తెలుసుగా" అంటూ గట్టు మీదికి దూకేశాడు.

మా ఆయన నా మీదికి వంగి, "జనంలో పరువు తీస్తున్నావు" అన్నాడు.

"నా భయం గురించి జనానికి పాతికేళ్లుగా చెబుతున్నావు, నేనేమైనా అన్నానా? భయం ఉంది. అది నాది. నీ పనికి వాడుకోకు."

రేవు దాటగానే కళ్లు మూసుకున్నాను. నిమ్మకాయ వాసన చూస్తూ తెలిసిన సెయింట్లందరినీ పిలిచాను. కాసేపటికి కళ్లు తెరిస్తే అనెజీనా చుక్కాని దగ్గర నిలబడి ఉంది. గాలికి వీపు పెట్టింది. దాంతో పోట్లాడకుండా, దాన్నే పని చేయనిచ్చింది. మా అమ్మ అలాగే నిలబడేది, నోట్లో దుప్పటితో. నా భయం పోలేదు. పక్కకి జరిగి, ఇంకోదానికి కాస్త చోటిచ్చిందంతే.

అర్కీలో ఎవరో నాకు కాఫీ తెచ్చి ఇచ్చారు. తాగి, అలవాటుగా అందరి కప్పులూ ఎత్తబోయాను. అనెజీనా నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. అక్కడి నుంచి చూస్తే లిప్సి అరచేతిలో పట్టేంత ఉంది. మధ్యాహ్నం గాలి లేచింది. నేను బతిమాలబోయేలోగానే అది, "తగ్గాక బయలుదేరదాం" అంది. ఒక అతిథి గొణిగితే, "నా పడవలో నేను చెప్పినప్పుడే" అంది. నేను విజిల్‌ని సంచిలో ఇంకా అడుక్కి తోసేశాను.

మేం తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా ఆయన రేవులో లేడు. పైన ఇంటి మెట్ల మీద, నేను కూర్చునే మెట్టు మీదే కూర్చున్నాడు. మమ్మల్ని చూసి కుంటుకుంటూ దిగొచ్చాడు. ముఖంలో రంగు లేదు.

"ఇంత ఆలస్యమా? గాలి లేచింది, నేనేమనుకోవాలి?"

ఆయన చొక్కా గుండీ ఊడబోతోంది, లాగి లాగి వదులు చేసుకున్నాడు. ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక ఎగతాళి చేయలేదు. అనెజీనా విసిరిన తాడు ఆయన పట్టుకుని కట్టాడు. నేను పైకి చూశాను. డాబా మీద దుప్పట్లు ఇంకా తీగ మీదే కొట్టుకుంటున్నాయి.

"రేపు కూడా వెళ్తున్నాం" అన్నాను. "గాలికి వీపు పెట్టి తియ్యి స్తమాతీస్, లేకపోతే ముఖానికి చుట్టుకుంటాయి."