విమానమెక్కిన పద్నాలుగు కర్రలు

కర్రల మేస్త్రికి విమానాలంటే బొత్తిగా నమ్మకం లేదు. ఎక్కి తెచ్చుకున్న అపనమ్మకం కాదది, ఎక్కితే గదా! ఇరవై రెండేళ్లుగా గోల్ఫ్ క్లబ్బు వెనక రేకుల షెడ్డులో కూర్చుని, మెంబర్ల కర్రలు బాగుచేస్తూ తెచ్చుకున్నది. పెద్దమనుషులు సెలవులకి పై దేశాలు వెళ్తూ కర్రల సంచీ కూడా వెంటేసుకెళ్తారు. తిరిగొచ్చిన మర్నాడు ఒక చేత్తో తల, ఒక చేత్తో కాడ పట్టుకుని షెడ్డు ముందు నిలబడతారు. "మేస్త్రీ, మళ్లీ విరగ్గొట్టారయ్యా!" విరిగేది ఎప్పుడూ ఒక్క చోటే, ఇనప తల కాడతో కలిసే మెడ దగ్గర. సామాను ఎక్కించేవాళ్లకి ఆ మెడతో ఏ జన్మలో పగో అనుకుంటూ మేస్త్రి అతికించి ఇచ్చేవాడు.

అలాంటిది ఇప్పుడు సొంత కూతురే విమానమెక్కబోతోంది. పందొమ్మిదేళ్ల పిల్ల, ఇరవై దేశాల అమ్మాయిలు ఆడే పోటీకి ఎంపికైంది. సంచీ మోయడానికి ఒక మనిషిని వెంట తెచ్చుకోవచ్చు, పేరు రాయండి అని కాగితం వస్తే, రెండో ఆలోచన లేకుండా తండ్రి పేరు రాసేసింది. ఆ రోజు నుంచి మేస్త్రి కాళ్లు నేల మీద ఆనడం లేదు. కూరగాయల కొట్లో చెప్పాడు, మంగలి షాపులో చెప్పాడు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"ఆ మీటరేదో చూసుకుని పోనివ్వండి పాపం," అంది భార్య.

ఆ పిల్ల ఆడే కర్రలు పద్నాలుగు. ఆటలో అంతకు మించి సంచీలో ఉండకూడదు. పద్నాలుగూ మేస్త్రి చేతి సరుకే. మెంబర్లు విసుగొచ్చి పారేసిన తలలు, వంగిపోయాయని వదిలేసిన కాడలు ఒక్కొక్కటే ఏరి, అరగదీసి, పిల్ల పొడుగయినప్పుడల్లా కాడలు మార్చి, తొమ్మిదేళ్లలో జతచేసిన సెట్టు అది. ఏ రెండూ ఒక కంపెనీవి కావు. క్లబ్బు సెక్రటరీ వాటిని చూసి మొహం చిట్లించాడు.

"వీటితో వెళ్తే మన క్లబ్బు పరువేం కాను? కొత్త సెట్టు ఇప్పిస్తానమ్మా."

"వద్దండీ," అంది పిల్ల వినయంగానే. "నా చేతికి ఇవే తెలుసు."

పక్కనే ఉన్న మేస్త్రి ఏదో పనున్నట్టు షెడ్డులోకి వెళ్లి, గట్టిగా ముక్కు చీదుకుని వచ్చాడు.

ప్రయాణానికి ముందు రోజు పిల్ల స్నేహితురాళ్లకి చెప్పి రావడానికి వెళ్లింది. అప్పుడు మెరిసింది మేస్త్రి బుర్రలో ఆ మెరుపు. మెడ విరుగుతుందనే కదా భయం? తలే లేకపోతే ఇంక మెడెక్కడిది? అంతే, షెడ్డుకి పరిగెత్తాడు. ఒక్కో కర్ర మెడా వేడిచేసి, లోపలి జిగురు మెత్తబడగానే పద్నాలుగు తలలూ ఊడదీశాడు. ఒక్కో తలనీ ఒక్కో మేజోడులో దూర్చి పెట్టెలో సర్దాడు. కాడల్ని కట్టగట్టి లావుపాటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, ఆ గొట్టాన్ని కర్రల సంచీలో దూర్చి మూత బిగించాడు. ఇంకెవరైనా అయితే ఈ పనికి మతి పోయిందనుకోవాలి. మేస్త్రికి మాత్రం తల ఊడదీసి మళ్లీ పెట్టడమంటే చొక్కా గుండీ విప్పి పెట్టుకున్నంత పని. దిగగానే అతికించేస్తే సరి! రెండు డబ్బాల్లోదీ కలిపితే గానీ అతకని జిగురు అది. ఆ రెండు డబ్బాల్ని పెట్టెలో పెట్టడానికి మనసొప్పక చేతిసంచీలో వేసుకున్నాడు.

"పిల్లకి చెప్పారా?" అంది భార్య.

"ఇప్పుడు చెప్తే కంగారు పడుతుంది. అక్కడ దిగాక చూసి మురిసిపోతుందిలే."

"మురుస్తుంది, మురుస్తుంది," అంది ఆవిడ. ఆ గొంతులో మురిపెం ఏమీ లేదు.

విమానాశ్రయంలో సామాను తనిఖీ యంత్రంలోంచి పెట్టె ఇలా వెళ్లిందో లేదో, తెర ముందున్న అధికారి చెయ్యెత్తాడు.

"పెట్టెలో ఇవేంటండీ ఇన్ని?"

"తలలండీ," అన్నాడు మేస్త్రి ధీమాగా.

వెనక వరసలో నిలబడ్డావిడ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. మేస్త్రి తడుముకోకుండా ఒక మేజోడు తీసి, లోపలి ఇనప తల బయటికి లాగి చూపించాడు. అధికారి నవ్వేసి పొమ్మన్నాడు. నవ్వనిది కూతురొక్కతే. ఆ తలని ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది మరి.

"నాన్నా, అన్నీనా?"

"అన్నీనూ. ఒక్క మెడా విరగదు చూడు. జిగురు నా దగ్గరే ఉంది."

ఆ జిగురు పావుగంట కూడా ఉండలేదు. చేతిసంచీ చూసిన రెండో అధికారి డబ్బాలు రెండూ బయటికి తీశాడు. ఇవి పక్కన పెట్టుకోవడానికీ లేదు, కింద సామాన్లో వేయడానికీ లేదు అన్నాడు. మేస్త్రి బతిమాలాడు. పోటీ అన్నాడు, కూతురన్నాడు, ఇరవై దేశాలన్నాడు. ఆ మనిషి ఓపికగా అంతా విని, డబ్బాల్ని చెత్తబుట్టలో వేశాడు.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఊరంతా డప్పు కొట్టుకుని, ఆఖరికి పిల్ల కొంప తనే ముంచాడు. రేపొద్దున దిగడం, ఎల్లుండి పదింటికి ఆట. పిల్ల తిట్టినా బాగుండేది. విమానంలో కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తోంది. మేస్త్రే కదిపాడు.

"అమ్మడూ, అక్కడ అద్దెకి సెట్టు దొరుకుతుందేమో కనుక్కుందామా?"

పిల్ల ఇటు తిరిగింది. "అద్దె కర్రలతో ఆడ్డానికి ఇంత దూరం దేనికి నాన్నా? నువ్వు వస్తున్నావుగా."

ఆ తర్వాత భోజనం వస్తే, మేస్త్రి తన పళ్లెంలోని మిఠాయి తీసి పిల్ల పళ్లెంలో పెట్టాడు.

పోటీ జరిగే మైదానం పక్కన ఆగిన వ్యానుల వరసలో కర్రలు బాగుచేసేది ఒకటి ఉంది. లోపల ఎర్ర టోపీ పెట్టుకున్న మనిషి తలెత్తకుండా పని చేస్తున్నాడు. పిల్ల వచ్చీరాని పరాయి భాషలో సంగతి చెప్పింది. ఆయన గొట్టంలోని కాడల్ని చూశాడు, పెట్టెలోని మేజోళ్లని చూశాడు, చివరికి మేస్త్రి మొహంలోకి చూశాడు. ముందున్న కర్రల గుట్ట చూపించి, రేపు సాయంత్రం అన్నాడు.

"పని ఆయన చెయ్యక్కర్లేదని చెప్పు," అన్నాడు మేస్త్రి. "బల్ల మీద ఇంత చోటు, కాస్త జిగురు ఇస్తే చాలు."

జవాబు కోసం ఆగలేదు కూడా. ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చుని, అక్కడే పడున్న గరుకు కాగితం తీసుకుని కాడ చివర అంటుకున్న పాత జిగురు గీకడం మొదలుపెట్టాడు. ఎర్ర టోపీ మనిషి రెండు నిమిషాలు ఆ చేతుల్నే చూశాడు. తర్వాత జిగురు డబ్బాలు బల్ల మీదుగా ఇటు జరిపాడు.

మేస్త్రి ముందు అన్నిటికన్నా పొడుగు కర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బ దానిదే, అన్నిటికన్నా గట్టి దెబ్బా దానిదే, ఎక్కువసేపు ఆరాల్సిందీ అదే. తల దూర్చి, కర్రని కంటి దగ్గర పెట్టుకుని, పిడి కింద ఉండే సన్నటి గట్టూ తల ముఖమూ ఒక వరసలోకి వచ్చేదాకా వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పాడు. ఎర్ర టోపీ మనిషి దాన్ని పదిలంగా అందుకుని తన కొలత యంత్రానికి బిగించి చూశాడు. రెండోదీ బిగించాడు, మూడోదీ, నాలుగోదీ. ఐదో కర్ర చాచితే చూడకుండానే గోడకి ఆనించాడు. ఆరోది పూర్తయ్యేసరికి మేస్త్రి కింద డబ్బా లేదు, ఎర్ర టోపీ మనిషి కుర్చీ ఉంది. పక్క వ్యానుల వాళ్లు ఇద్దరొచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతున్నాడు నాన్నా."

"షెడ్డులో అని చెప్పు."

పిల్ల చెప్పింది. చెప్తూనే ఉంది. చేతులు తిప్పుతూ, తన ఎత్తు పదేళ్లప్పుడు ఇంత, పన్నెండేళ్లప్పుడు ఇంత అని చూపిస్తూ చెప్పింది. వింటున్న ముగ్గురూ మేస్త్రి వైపు తిరిగి చూశారు.

"ఒక్క షెడ్డుకి అన్ని మాటలా?" అన్నాడు మేస్త్రి.

"నువ్వు చెప్పిందే చెప్పాను," అంది పిల్ల, కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం ఆరింటికి పద్నాలుగూ గోడకి నిలబడ్డాయి. ఒక్కటే బెంగ మిగిలింది. ఆ జిగురు పూర్తిగా గట్టిపడాలంటే ఇరవై నాలుగు గంటలు కావాలి. ఆటకి ఉన్నవి పదహారు.

మర్నాడు పదికి మొదటి దెబ్బ కొట్టే చోట జనం గుమిగూడారు. మేస్త్రి కర్ర అందిస్తూ గొంతు తగ్గించాడు. "సగం ఊపే చాలు తల్లీ. మెల్లగా కొట్టు. తల ఊడి ఎగిరితే ఇంతమందిలో నవ్వులపాలవుతాం."

పిల్ల తలూపింది. మైకులో ఆమె పేరు చదివారు. ఆమె వెళ్లి నిలబడింది, ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది, కర్రని వీపు వెనక దాకా ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

జనం తలలన్నీ ఒక్కసారిగా బంతి వెంట ఆకాశం వైపు తిరిగాయి. మేస్త్రి చూపు మాత్రం కర్ర మెడ మీదే ఉండిపోయింది. అది కదల్లేదు. పిల్ల భుజం మీది కర్రకి ఎక్కడి తల అక్కడే ఉంది. చప్పట్లు వినిపించాక గానీ మేస్త్రికి ఊపిరాడలేదు.

"ఎక్కడ పడింది నాన్నా? నాకు ఎండ కళ్లలో కొట్టింది."

"నేను చూళ్లేదమ్మా." కర్ర కోసం చెయ్యి చాచాడు. "మెల్లగా కొట్టమన్నానా లేదా?"

"నువ్వు అతికించింది ఊడుతుందని నేనెలా అనుకుంటాను నాన్నా?" అని, కర్ర అతని చేతికిచ్చి ముందుకు నడిచింది.

మేస్త్రి సంచీ భుజానికెత్తుకున్నాడు. బంతి ఎటు పోయిందో తెలియదు, పక్కవాళ్లు ఏమంటున్నారో అర్థం కాదు. అయినా ఆ జనం మధ్యలోంచి, ఈ పిల్ల నా కూతురు అని అందరికీ తెలియాలన్నట్టు, ఆమె వెనకే దర్జాగా నడిచాడు.