టాలీ బకెట్టు నీళ్ళు

వెండెల్ హాక్‌బార్ట్ గ్యారేజీలో ఆదివారం మధ్యాహ్నం సినిమాకి వెళ్ళి ముందు వరసలో కూర్చోవాలంటే గొడుగు తెచ్చుకోవాలి. అయోవాలోని ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. వందేళ్ళ నాటి కౌబాయ్ మూకీ అది. షెరీఫ్ తరుముతుంటే వంటవాడు టాలీ పరుగు ఆపి అతని మీదికి బకెట్టు నీళ్ళు విసురుతాడు, షెరీఫ్ వంగుతాడు, నీళ్ళొచ్చి ముందు వరస మీద పడతాయి. పేరున్న హాస్యగాళ్ళ సినిమాలు ఎవరి దగ్గరైనా ఉంటాయి, లోకం మరిచిపోయిన టాలీ మాత్రం తన దగ్గరే ఉన్నాడని వెండెల్‌కి మహా గర్వం.

ఆ రోజు బొమ్మ పడగానే అతను కుర్చీలోంచి లేచాడు. ఎప్పుడూ వేసే కాపీలో షెరీఫ్ మీసం మసగ్గా ఉంటుంది. ఇవాళ వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అంటే తిరుగుతున్నది అసలు రీలు, అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరని పాతకాలపు ఫిల్ము. అది ఇంట్లో ఉందంటే బీమా వాళ్ళు ఒప్పుకోరని, డబ్బా మీద ‘మండనిది’ అని తనే రాసి దాచాడు. ఫిల్ములు పోగేసేవాళ్ళకి ఇలాంటి దొంగ చీటీలు మామూలే. సినిమా మిషను నడిపే భార్య ఆర్డిస్‌కైనా చెప్పి ఏడవలేదు!

అరిస్తే ఆమె ఉలిక్కిపడి మిషను ఆపేస్తుంది. ఆగిందా, దీపం వేడికి ఫిల్ము భగ్గుమంటుంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, వెండెల్ గోడ వెంట మెల్లగా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

“ఆర్డిస్, మిషను ఆపకుండా తలుపు వైపు నడువు. అది మండే రీలు.”

“డబ్బా మీద నీ చేతిరాతే ఉంది కదా వెండెల్. చూసే పెట్టాను.”

ఈలోగా టాలీ బకెట్టు ఎత్తాడు. రీల్లో సరిగ్గా ఆ చోట ఉన్న పాత అతుకు మిషన్లో ఇరుక్కుంది. బొమ్మ మధ్యలో గోధుమరంగు మచ్చ లేచింది, మంట ఆర్డిస్ స్వెటర్ చేతికి అంటుకుంది.

బొమ్మ ఆగింది గానీ టాలీ ఆగలేదు. షెరీఫ్‌ని వదిలేసి, జనం తలల మీదుగా ఆర్డిస్ వైపు చూసి, కాళ్ళు నిలదొక్కుకుని ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. నీళ్ళు గొడుగులన్నీ దాటి వెళ్ళి ఆమెని నిలువెల్లా తడిపేశాయి. మంట ఆరిపోయింది. ఆరని ఫిల్ము ఎలా ఆరిందని ఎవరూ అడగలేదు, టాలీ నీళ్ళు కదా.

వెండెల్ ఆ సాయంత్రమే వంటగదిలో కూర్చుని దొంగ చీటీలన్నీ గీకేశాడు. ఆర్డిస్ చేతికి కట్టు కట్టుకుని ఒక్కో డబ్బా టక్కున అతని ముందు పెట్టింది.

ఇప్పుడు ఆ మసక కాపీ వేసినా టాలీ బకెట్టులో చుక్క నీళ్ళుండవు. షెరీఫ్ ఊరికే వంగి లేస్తాడు. టాలీ ఖాళీ బకెట్టు పట్టుకుని జనం తలల మీదుగా వెతుకుతాడు. ఆర్డిస్ మిషను పక్కనుంచి మచ్చపడిన చెయ్యి ఎత్తి చూపిస్తుంది. అప్పుడే అతను బకెట్టు కింద పెట్టి, మళ్ళీ పరుగు మొదలెడతాడు.